లైసెన్సు తన పేరున

జూన్ 3, సోమవారం

తీసేశాడు.

పొద్దున కంప్యూటరు తెరిస్తే, రోజూ నేను వెబ్‌సైట్లు గీసే సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు. మధ్యలో ఒక పెట్టె మాత్రం వచ్చి కూర్చుంది. "ఈ కంప్యూటరును లైసెన్సు నుంచి తొలగించారు. కావాలంటే ట్రయల్ వెర్షన్ వాడుకోవచ్చు." తొలగించారట! ఎవరు తొలగించారో దానికీ తెలుసు, నాకూ తెలుసు. లైసెన్సు మా ఆయన పేరున ఉంది. నా కంప్యూటరు అందులో 'రెండవ యంత్రం'. ఇన్నేళ్ళు కలిసి డిజైన్ ఆఫీసు నడిపాం, గీయడం నేను, అమ్మడం తను. నేను రెండో యంత్రం మీద కూర్చుని గీస్తున్నానని ఇవాళే తెలిసింది.

నేను అక్కావాళ్ళింటికి వచ్చి వారం కూడా తిరగలేదు. అప్పుడే బటన్ నొక్కాడు. పని ఆగిపోతే నేనే ఫోన్ చేస్తానని లెక్క.

చేయను. నాకేం కాలేదు.


జూన్ 4, మంగళవారం

ట్రయల్ వెర్షన్‌తో రోజంతా గడిపాను. పేజీ గీయనిస్తుంది, రంగులు వేయనిస్తుంది, అక్షరాలు పెద్దవి చేయనిస్తుంది. కానీ ప్రతి పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి బూడిదరంగు పట్టీ వేసి, దాని మీద 'ట్రయల్' అని రాసి పెడుతుంది. అయిదో పేజీ దాటితే ఒప్పుకోదు. గీసింది బయటికి తీసి ఇంటర్నెట్లో పెడతానంటే అసలే ఒప్పుకోదు. వండుకో గానీ వడ్డించకు అన్నట్టుంది. నెలాఖరు దాటితే ఆ వండుకోవడమూ ఉండదు.

నా పాత ఫైళ్ళన్నీ తెరుచుకుంటున్నాయి. కళ్ళారా చూసుకోవచ్చు. ఒక గీత జరిపి సేవ్ చేయబోతే "క్షమించండి" అంటుంది. ఎంత మర్యాదో!

అక్క రక్తపరీక్షల ల్యాబ్ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా గుమ్మంలో నిలబడింది.

"ఏమే, పొద్దుట్నుంచీ ఆ డబ్బాని తిడుతూనే ఉన్నావట. మీ బావ చెప్పాడు. మొగుణ్ణి తిడితే పోలా?"

"ఆయన ఊసే నాకొద్దు."

"సరే, వద్దు. మరి నిమిషానికోసారి ఫోన్ తిప్పి చూస్తావెందుకు?"

"టైమ్ చూస్తున్నా."

"గోడ మీద గడియారం ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది.


జూన్ 6, గురువారం

పని దొరికింది. నాకు, నా ఒక్కదానికి.

అక్క ల్యాబ్‌కి షుగర్ పరీక్షకు వచ్చే ఒకావిడ ఈత టీచరు. అరవైకి దగ్గర్లో ఉంటుంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నడిస్తే నేల అదురుతుంది. యాభై దాటిన ఆడవాళ్ళకి మాత్రమే ఈత నేర్పుతుంది. ఊరి ఈతకొలనులో పొద్దుటి పూట వాళ్ళకో గంట ఉంది. ఆ గంటని ఇప్పుడు పోటీల కుర్రాళ్ళకి ఇచ్చేస్తామంటున్నారట కొలను ఆఫీసువాళ్ళు. నెలాఖరులోగా తగినంతమంది కొత్తవాళ్ళు చేరితేనే గంట మిగులుతుందట.

"నాకో వెబ్‌సైట్ కావాలి అమ్మాయ్," అంది అక్కతోపాటు ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంటూనే. "కరపత్రాలు పంచాను. వాటిలో అందరూ పల్లీలు చుట్టుకున్నారు. చేసి పెడతావా?"

"చేస్తానండీ."

"మీ అక్క ఏదో అంది, నీ కంప్యూటరుకి ఏదో ఆటంకం వచ్చిందని..."

"ఏ ఆటంకమూ లేదు."

ఎందుకలా అన్నానో నాకు తెలియదు. తెలుసు. "మా ఆయన లైసెన్సు పీకేశాడు" అని కొత్త మనిషి ముందు చెప్పడం కంటే అబద్ధమే నయం అనిపించింది.


జూన్ 8, శనివారం

అమ్మ ఫోన్ చేసింది. "ఒక్క మాటకి ఇల్లు వదిలి వస్తారా ఎవరైనా?" అంది.

ఒక్క మాట కాదు. మూడు మాటలు. 'ఆఫీసులో సాయంగా ఉంటుంది.' ఒక పెద్ద హోటళ్ళ కంపెనీ వాళ్ళు కాంట్రాక్టు మాట్లాడటానికి వచ్చినప్పుడు, వాళ్ళ మేనేజరు నన్ను చూసి ఈవిడెవరని అడిగాడు. బల్ల మీద పరిచిన పేజీలన్నీ నేను గీసినవే. "మా ఆవిడండీ. ఆఫీసులో సాయంగా ఉంటుంది," అన్నాడు తను. మేనేజరు నాకేసి నవ్వి, టీ బాగుందన్నాడు. టీ హోటల్ నుంచి తెప్పించాం.

ఇంటికొచ్చాక అడిగితే, "అలాంటి చోట ఒక్క మనిషి పేరుంటేనే నమ్ముతారు. నీకు తెలీదు," అన్నాడు. ఆ మర్నాడు మా ఆఫీసు సైట్లో 'మా గురించి' పేజీ తెరిస్తే నా ఫొటో లేదు. ఖాళీ కనపడకుండా తన ఫొటోని మధ్యకి జరిపాడు. జరపడం కూడా సరిగ్గా రాలేదు, కుడివైపుకి ఒరిగిపోయింది. నేనైతే సరిగ్గా జరిపేదాన్ని.

అమ్మకి ఇదంతా చెప్పలేదు. "బావున్నాను," అన్నాను.


జూన్ 10, సోమవారం

బావ లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి గర్వంగా ఒక పెన్‌డ్రైవ్ తెచ్చాడు. ఊరికే వచ్చేది ఏదైనా బావకి ప్రాణం.

"ఏమ్మా మరదలా, నీ కష్టాలు తీరిపోయాయ్. మా ఆఫీసులో కుర్రాడొకడు ఇచ్చాడు. నీ సాఫ్ట్‌వేరే. తాళం పగలగొట్టేసి ఉంది. పట్టీ లేదు, పేజీల లెక్క లేదు, నెలాఖరు లేదు. ఎంచక్కా వాడుకో."

పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను కూడా. ఈత టీచరుగారికి నేనేమీ చెప్పనక్కర్లేకుండా సైట్ చేసేయొచ్చు.

"వద్దు బావా."

"ఎందుకు? ఊళ్ళో సగం మంది వాడుతున్నారు."

"నేనిది వాడానని ఆయనకి తెలిస్తే? కంపెనీకి ఒక్క ఫోన్ కొడితే చాలు, దొంగని నేనవుతాను. వాళ్ళావిడ అలిగి వెళ్ళిందనరు, దొంగ సాఫ్ట్‌వేరు పెట్టుకుని దుకాణం తెరిచిందంటారు. ఇంకొకరి వస్తువు అడక్కుండా తీసుకోవడమే నాకు నచ్చక ఇక్కడికొచ్చాను కదా?"

బావ పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "మరి ఇందులో సినిమాలు కూడా ఉన్నాయి. అవైనా చూస్తావా?"

నవ్వొచ్చింది. ఇల్లు వదిలాక మొదటిసారి.


జూన్ 11, మంగళవారం

ఆ సాఫ్ట్‌వేరు ఒప్పంద పత్రం మొత్తం చదివాను. ట్రయల్‌లో గీసినదాన్ని డబ్బు తీసుకునే పనికి వాడకూడదట. అంటే తెర మీద పేజీని ఫొటో తీసి పెట్టినా తప్పే. కొత్తగా నా పేరున లైసెన్సు కొనాలంటే నా వల్లయ్యే పని కాదు. కార్డులూ ఖాతాలూ అన్నీ తనే చూసేవాడు. ఈ లైసెన్సు కొన్నప్పుడు కూడా అంతే. మా మొదటి పెళ్ళిరోజుకి బహుమతిగా కొన్నాడు. కార్డు తనది కాబట్టి పేరూ తనదే పడింది. ఎవరి పేరైతే ఏంటి అన్నది నేనే. సంతోషంగా అన్నాను.

ఫోన్ రాలేదు. వస్తుందని చూడటం లేదు.


జూన్ 13, గురువారం

తన సంగతి నాకు అనవసరం. మార్కెట్లో ఏం నడుస్తోందో చూద్దామని మాత్రమే, టెంప్లేట్లు అమ్మే సైట్ తెరిచాను.

అక్కడ 'వాకిలి' ఉంది.

చిన్న దుకాణాల కోసం నేను గీసిన టెంప్లేటు అది. ముందే గీసి పెట్టిన పేజీల నమూనా, కొన్నవాళ్ళు తమ పేరు వేసుకుంటే చాలు. పేజీ తెరవగానే ఏమీ అమ్మకుండా, ఇంటి ముందు ఊడ్చిన నేలలా ఖాళీగా, తేటగా ఉండాలని వారాలపాటు కొట్టుకున్నాను. పైన అంత ఖాళీ వదిలితే ఎవరు కొంటారని తను పోట్లాడాడు. ఇప్పుడు బాగా అమ్ముడుపోతున్నవాటిలో పైవరసలో ఉంది. కింద, 'డిజైన్' అన్నచోట తన పేరు. ఒక్కటే పేరు.

కొన్నవాళ్ళలో ఎవరో రాశారు, "పైన వదిలిన ఆ ఖాళీ ఎంత హాయిగా ఉందో!" కింద తను జవాబిచ్చాడు, "ధన్యవాదాలు. దాని కోసం చాలా ఆలోచించాను."

ఆలోచించాడట!

వెంటనే ఆ సైటువాళ్ళకి ఫిర్యాదు పెట్టాను. నా పేరే రెండుసార్లు తప్పు కొట్టాను. ఏసీ చలి వల్ల. అక్కావాళ్ళింట్లో ఏసీ లేదు.


జూన్ 14, శుక్రవారం

జవాబు లేదు. రానీ, చూద్దాం.


జూన్ 18, మంగళవారం

వచ్చింది.

ఆ సాఫ్ట్‌వేరులో ఏ ఫైలు సేవ్ చేసినా 'తయారుచేసినవారు' అని లైసెన్సుదారు పేరు దానంతటదే పడుతుందట. నా ఫైళ్ళన్నిటిలో, మొట్టమొదటిదానితో సహా, తన పేరే ఉంది. నేను గీస్తున్నంతసేపూ నా చేతి కింద తన పేరు రాసుకుంటూ పోయిందన్నమాట అది. కాబట్టి ఫిర్యాదు మూసేస్తున్నామన్నారు. "అవతలివారి వివరణ కూడా అందింది," అంటూ ఆ వివరణ కూడా పంపారు. ఒకటే వాక్యం. "నా లైసెన్సు మీద నా భార్య సాయపడేది."

సాయం. మళ్ళీ అదే మాట.

ఇకనుంచి ఈ డైరీలో తను 'మా ఆయన' కాదు. లైసెన్సుదారుగారు.

అక్క నా పక్కన కూర్చుని తల దువ్వింది, చిన్నప్పటిలాగే చిక్కులన్నీ లాగేసి. కళ్ళనీళ్ళు వచ్చింది అందుకే.


జూన్ 19, బుధవారం

ఈత టీచరుగారికి నిజం చెప్పేశాను. కొలను గట్టు మీద, అందరూ వింటుండగా. సాఫ్ట్‌వేరు నాది కాదు, ట్రయల్‌లో చేసింది మీకివ్వకూడదు, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నాను.

ఆవిడ నడుము లోతు నీళ్ళలో ఒకావిడ పొట్ట కింద చెయ్యి పెట్టి తేలుస్తోంది. తల కూడా తిప్పలేదు.

"ఆ సాఫ్ట్‌వేరు రాకముందు వెబ్‌సైట్లు లేవా?"

"ఉన్నాయండీ. చేత్తో రాసేవాళ్ళం. ప్రతి గీతకీ, ప్రతి రంగుకీ కోడ్ రాసుకుంటూ."

"నీకు రాదా?"

"వచ్చేది."

"వచ్చేదంటే? ఈత వచ్చినవాళ్ళు ఎక్కడన్నా మర్చిపోతారా?" అని, చేతి మీదున్నావిణ్ణి ఒక్కసారిగా వదిలేసింది. ఆవిడ కేక పెట్టి, నాలుగు బారలు వేసి, గట్టు పట్టుకుని, "నీ మొహం మండ, చెప్పి వదలొచ్చుగా!" అని తిట్టింది. తేలానన్న సంగతి ఆవిడకి తిట్టడం అయ్యాక తెలిసింది.

ఇంటికొచ్చి నోట్‌ప్యాడ్ తెరిచాను. ప్రతి కంప్యూటరులోనూ ఊరికే ఉంటుంది. తెల్లటి కాగితంలా. నువ్వెవరని అడగదు. ఎవరి పేరూ రాసుకోదు.

గంటసేపు కుస్తీ పడితే ఒక శీర్షిక వచ్చింది. అదీ పేజీకి ఎడమ పక్కన, బిక్కుబిక్కుమంటూ.


జూన్ 20, గురువారం

ఫోన్‌లో చూస్తే అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కోడ్‌లో ఎక్కడో ఒక బ్రాకెట్ మూయలేదు. పొద్దుట్నుంచీ అదే వెతుకులాట.

దొరికింది. నా కళ్ళెదుటే ఉంది.


జూన్ 22, శనివారం

ఫొటోలు కావాలన్నాను. కొలనులో ఆడవాళ్ళంతా చేతులు అడ్డం పెట్టేసుకున్నారు. ఈ బట్టల్లో మా ఫొటోలా, కోడళ్ళు చూస్తే ఇంకేమైనా ఉందా అని ఒకావిడ, అల్లుడు చూస్తే అని ఇంకొకావిడ. మనుషులు లేకుండా ఈత సైట్ ఎలా చేయను?

దిక్కులు చూస్తుంటే బెంచీ కనిపించింది. నీళ్ళలోకి దిగేముందు అందరూ కళ్ళజోళ్ళు తీసి దాని మీద పెడతారు. బంగారు ఫ్రేములూ, దారం కట్టినవీ, ఒక కాలు విరిగి టేపు వేసినదీ, అన్నీ ఒకే వరసలో, అన్నిటి చూపూ నీళ్ళ వైపే. వెనకాల మసకగా నీలం.

ఆ ఒక్క ఫొటో తీసుకుని వచ్చేశాను.

పైన పెద్ద ఖాళీ వదిలాను. ఆ ఖాళీ నాది. దాని మీద ఎవరి లైసెన్సూ లేదు.


జూన్ 26, బుధవారం

పెట్టేశాను. సైట్ ఇంటర్నెట్లో ఉంది. ఒకటే పేజీ. కళ్ళజోళ్ళు, కింద పెద్ద అక్షరాలతో "నీళ్ళకి మీ వయసు తెలీదు", ఆ కింద ఫోన్ నంబరు. అరచేతంత బటన్, కళ్ళజోడు లేకపోయినా కనపడేట్టు. మెరుపులు లేవు, జారే బొమ్మలు లేవు. నా చేత్తో అవి రావు. రాకపోవడమే మంచిదైంది.

పేజీ అడుగున చిన్నగా నా పేరు రాశాను. నాకు నేనే రాసుకోవాల్సి వచ్చింది. అక్షరం అక్షరం కొట్టాను.

బావ ఆఫీసులో అందరి ఫోన్లలోనూ తెరిపించాడట. లారీ డ్రైవర్లు వాళ్ళ అమ్మలకి పంపించారట.


జూన్ 29, శనివారం

కొలను ఆఫీసువాళ్ళు అడిగినదానికంటే ఎక్కువమందే చేరారు. ఇద్దరు వాకింగ్ స్టిక్‌తో వచ్చారట. గంట మిగిలింది. ఈత టీచరుగారు ఫోన్లో అరిచిన అరుపుకి అక్క కూడా పరుగెత్తుకొచ్చింది.

"రేపట్నుంచి నువ్వూ దిగాలి నీళ్ళలోకి," అంది ఆవిడ.

"నాకింకా యాభై రాలేదండీ."

"వచ్చేదాకా గట్టు మీద కూర్చుంటావా?"

ఇంకా ఇద్దరికి సైట్లు కావాలట. ఒకరు కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. ఎందుకో వేరే చెప్పాలా!

ట్రయల్ రేపటితో అయిపోతుంది. ఇవాళే తీసేశాను, దాని చేత చెప్పించుకోవడం ఎందుకని.


జూలై 4, గురువారం

లైసెన్సుదారుగారు వచ్చారు.

అక్క తలుపు తీసి, "రా మరిదీ," అని, నాకు కళ్ళతో ఏదో చెప్పి, బావని చెయ్యి పట్టుకుని బజారుకి లాక్కుపోయింది. బావకి వెళ్ళాలని లేదు.

చిక్కాడు. చొక్కా ఇస్త్రీ లేదు. నాకేం అనిపించలేదు. టీ పెట్టి ఇచ్చాను, అంతే.

"ఆ కళ్ళజోళ్ళ పేజీ నువ్వేనా?" అన్నాడు.

"కింద పేరుందిగా."

"చూశాను. హోటళ్ళ మేనేజరు వాళ్ళమ్మ చేరిందట ఈతకి. ఇలాంటిది మీరెందుకు చేయట్లేదని నన్నడిగాడు." కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "నీ కంప్యూటరుని లైసెన్సులోకి మళ్ళీ ఎక్కించాను. ఈసారి నీకంటూ వేరే లాగిన్. మొదటి యంత్రం, రెండో యంత్రం ఏం లేదు. రా. ఇంటికి రా."

"వాకిలి మీద నా పేరు పెట్టు."

"పెడతాను. ఈ కాంట్రాక్టు అయిపోనీ. ఇప్పుడు మారిస్తే వాళ్ళడగరా, ఇన్నాళ్ళూ ఎందుకు లేదని?"

"అడగనీ. చెప్పు."

"ఏమని చెప్పను?"

"అది నువ్వు ఆలోచించు. చాలా ఆలోచిస్తావట కదా, పైన ఖాళీ వదలడానికి."

తలొంచుకున్నాడు. పోట్లాడతాడనుకున్నాను, పోట్లాడలేదు. దానికి నేను సిద్ధంగా లేను.

"నువ్వు వెళ్ళిపోయాక ఒక్క పేజీ కూడా గీయలేకపోయాను," అన్నాడు చివరికి. "లైసెన్సు ఉంది. తెరిచి కూర్చుంటాను. ఏం చేయాలో తెలీదు."

ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో. కాదు, ఎదురుచూడలేదు. కానీ ఆ మాట నాకు చెబితే సరిపోదు. చెప్పాల్సింది వాళ్ళకి. అదే అన్నాను. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.


జూలై 10, బుధవారం

వాకిలి పేజీ చూశాను. అవును, రోజూ చూస్తున్నాను. నా డైరీలో నాకే అబద్ధాలెందుకు?

మార్చాడు. 'డిజైన్' అన్నచోట రెండు పేర్లున్నాయి. తనది, కామా, నాది.

పోనీలే, పెట్టాడు కదా అనుకున్నాను. ఒక పేజీ పని చేసుకున్నాను. మళ్ళీ తెరిచి చూశాను. ఆ కామా వంక చూసినకొద్దీ ఒళ్ళు మండింది. నేనే ఫోన్ చేశాను.

"చూశావా?" అన్నాడు ఆశగా.

"రెండు పేర్లెందుకున్నాయి?"

"నువ్వేగా పెట్టమన్నావ్?"

"నా పేరు పెట్టమన్నాను. నీది ఉంచమన్లేదు."

"సగం ఇచ్చినా తప్పేనా? మేనేజరుకి కూడా చెప్పేశాను, గీసేది నువ్వేనని. చెప్పడానికి ఎంత సిగ్గేసిందో తెలుసా?"

"మొత్తం నాదైతే సగం నువ్వు ఇచ్చేదేంటి? ఆ ఖాళీ వద్దని నువ్వు పోట్లాడావు. అందులో నీ గీత ఒక్కటుంటే చెప్పు, కామాతో సహా ఉంచేస్తాను."

కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "నా పేరు పూర్తిగా తీసేస్తే మరి ఇన్నేళ్ళూ నేను చేసిందేంటి?"

"అమ్మావు. ఎవరూ కొనరనుకున్నదాన్ని పైవరసలోకి తెచ్చావు. అది నాకు చేతకాదు. కావాలంటే ఇంకో వరస వేసుకో, 'అమ్మింది' అని."

"'అమ్మింది ఫలానా' అని ఏ సైట్లోనన్నా రాస్తారా?"

"రాయరు. నువ్వు మొదలుపెట్టు."

"సరే. సాయంత్రం మారుస్తాలే."

"ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను."

కీబోర్డు చప్పుడు వినిపించింది. రెండు వేళ్ళతో కొట్టే చప్పుడు, తనకి ఎప్పుడూ పది వేళ్ళూ రాలేదు. పేజీ మళ్ళీ తెరిచాను. 'డిజైన్' అన్నచోట నా పేరు. ఒక్కటే. దాని కింద, కొత్త వరసలో, నిజంగానే వేశాడు మహానుభావుడు: 'అమ్మింది' అని, తన పేరు.

"మరి ఇంటికి?" అన్నాడు.

"దానికి వేరే ఫోన్ చెయ్యి. ఇప్పుడు పనిలో ఉన్నాను," అని పెట్టేశాను.

పెట్టేదాకా బిగబట్టుకున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే అక్క వంటింట్లోంచి గరిటతోనే వచ్చి, "ఏమైందే, ఏమన్నాడు?" అంది. చెప్పబోతే మళ్ళీ నవ్వొచ్చింది.